అర అంగుళం తక్కువ

సూర్యాపేటలో ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. నా మెడలో పుస్తెల తాడు కనపడని రోజు ఉంటుందేమో గానీ టేపు కనపడని రోజు లేదు. ఆ టేపుకు రెండు వైపులు. ఒక వైపు అరవై అంగుళాలు, రెండో వైపు నూట యాభై సెంటీమీటర్లు. ఆ రెండో వైపు నేనెప్పుడూ చూసిన పాపాన పోలేదు. అవసరం రాలేదని అందరికీ చెప్పేదాన్ని. అసలు సంగతి, చూస్తే చిన్నతనం అనుకున్నాను. ఛాతీ ముప్పై ఆరు, నడుము ముప్పై రెండు, చెయ్యి తొమ్మిదిన్నర అంటే మనిషి నా కళ్లకు కడుతుంది. ఛాతీ తొంభై ఒకటి అంటే ఏ ఏనుగుకో కుడుతున్నానేమో అనిపిస్తుంది.

మా దగ్గర కొలతల సంగతి తెలిసిందే కదా. బట్ట మీటర్లలో కొంటాం. ఆ బట్ట వెడల్పు, అదే పన్నా, అంగుళాల్లో అడుగుతాం. ఇంటి జాగా గజాల్లో, గోడ అడుగుల్లో, ఆ గోడలో వేసే ఇనుప చువ్వ ఎంఎంలలో. పొలం ఎకరాలు, గుంటలు. కోదాడ దాటి నాలుగడుగులు వేస్తే గుంటలు మాయమై సెంట్లు వస్తాయి. జ్వరం నూట ఒకటి అంటాం, ఎండ నలభై నాలుగు అంటాం. నలభై నాలుగు ఎండలో తిరిగొచ్చి నూట ఒకటి జ్వరం తెచ్చుకున్నానని చెప్పే మనిషిని ఎవరూ వింతగా చూడరు.

ఈ రెండింటికీ లంకె కలపడానికి బళ్లో మాకొక స్కేలు ఇచ్చారు. ఒక అంచున పన్నెండు అంగుళాలు, ఇంకో అంచున ముప్పై సెంటీమీటర్లు. అంటే అడుగుకు ముప్పై, అంగుళానికి రెండున్నర. పదో తరగతితో బడి మానేశాను గానీ ఆ లెక్క మాత్రం మరిచిపోలేదు. నా టేపు కూడా దానికే వంత పాడింది. అరవై ఇటు, నూట యాభై అటు అని దాని డబ్బా మీదే రాసి ఉంది. అరవైని రెండున్నరతో హెచ్చవేస్తే నూట యాభై. ఇంకేం కావాలి, లెక్క సరిపోయిందనుకున్నాను. ఆ లెక్కతోనే మా చెల్లెలి బిడ్డ కడుపు కొట్టాను.

మా చెల్లెలిది మాడుగులపల్లి దగ్గర ఒక పల్లె. మా మరిదికి గొర్రెలున్నాయి. మేత కోసం మందను తోలుకుపోతే నెలకోసారి ఇంటికొస్తాడు. వాళ్ల పెద్దపిల్ల డిగ్రీ అయ్యాక పోలీసు ఉద్యోగం మీద పడింది. తెల్లవారకముందే లేచి సాగర్ కాలువ కట్ట మీద పరిగెత్తేది. కట్ట మీద ఆడపిల్ల ఉరకడమేమిటని మొదట్లో నలుగురూ నోళ్లు నొక్కుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. మొదటి రాతపరీక్ష పాసైంది. గ్రౌండుకు రమ్మని కాగితం వచ్చింది. అక్కడ ముందు ఎత్తు కొలుస్తారు, ఆ తర్వాతే పరుగైనా, దూకడమైనా. ఆడపిల్లలకు నూట యాభై రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. అర సెంటీమీటరు తగ్గినా గేటు నుంచే తిరుగు ముఖం.

మా ఇంటి ఆడవాళ్లమంతా పొట్టి. మా మరిదికి అదే అనుమానం వచ్చింది. సరిపోకపోతే అంతదూరం పోయి పరువు పోగొట్టుకోవడమెందుకు, సూర్యాపేటలో మీ పెద్దమ్మ ఉంది కదా, లోకాన్నంతా కొలిచేది ఆమెనే, పోయి కొలిపించుకో అన్నాడట. పిల్ల బయల్దేరకముందే మా చెల్లెలు నాకు ఫోన్ చేసింది.

"అక్కా, పోరి రేపు నీ కాడికొస్తది. కోదాడల మంచి సంబంధమొచ్చింది. దుకానమున్నది, సొంత ఇల్లున్నది. ఇది పోలీసయి రాత్రీ పగలూ డ్యూటీలని తిరిగితే ఎవలు జేసుకుంటరు జెప్పు. నువ్వు జెప్తె ఇంటది. ఎత్తు సాలదని జెప్పు."

"కొలవకుంట ఎట్ల జెప్త?"

"కొలువు. కొలిసినంక గట్లనే జెప్పు."

"అబద్ధం నా నోట రాదు. టేపు ఎంత జెప్తె గంతే జెప్త," అన్నాను. చాలా పెద్ద మాట అన్నానని అప్పుడు నాకు గర్వంగా ఉండింది. ఫోన్ పెట్టేశాక మాత్రం, తక్కువ వస్తే బాగుండు, అందరికీ తలనొప్పి తీరిపోతుంది అనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మర్నాడు పదింటికి వచ్చింది. దుకాణంలో ఇద్దరు గిరాకీలుంటే పంపించేసి తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టాను. చెప్పులు విప్పించాను. జడ కూడా విప్పించాను. తల మీద అట్ట స్కేలు అడ్డంగా పెట్టి, సుద్దతో చట్రం మీద గీత గీశాను. కింది నుంచి టేపు పట్టాను. టేపు అరవైతో అయిపోయింది. దాని ఇత్తడి కొస నుంచి సుద్దగీత దాకా ఇంకో అర అంగుళం. రెండోసారి కొలిచాను. అదే. మూడోసారీ అదే. కొలవడంలో నేను మోసం చేయలేదు. వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచాను.

ఆ తర్వాత లెక్క. అరవై అంగుళాలకు నూట యాభై. అర అంగుళానికి ఒకటింబావు. మొత్తం నూట యాభై ఒకటింబావు. వాళ్లు అడిగేది నూట యాభై రెండున్నర, అంటే నా లెక్కన అరవై ఒక్క అంగుళాలు. బిల్లు పుస్తకం వెనక పెన్నుతో వేసి చూపించాను.

"అర అంగుళం తక్కువున్నవ్ బిడ్డా."

పిల్ల ఆ కాగితం వైపు చూడలేదు. నా మెడలోని టేపు వైపు చూసింది. "పెద్దమ్మా, జర టేపు గటు దిక్కు తిప్పి కొలువు. ఆళ్లు సెంటీమీటర్లల్ల సూస్తరు."

"ఎటు తిప్పినా నీ ఎత్తు నీదేనాయె. ఇన్నేండ్ల సంది కొలుస్తున్న, నాకే నేర్పుతున్నవా?"

"గది కాదు పెద్దమ్మా. మా బడిల పీఈటీ సార్ కాడ ఎత్తు కొలిసే బద్ద ఉన్నది. పోయి సార్‌నడుగుత."

అప్పుడు నాకు కోపం వచ్చింది. నా కొలత మీద ఇంకొకరి కొలతా? నా దుకాణంలో నిలబడి నన్ను కాదని ఎవరో సారును అడుగుతుందా? "మగపిల్లల నడుమ గోడకు నిలవడి కొలిపించుకుంటవా? రేపు గ్రౌండుల అర అంగుళం తక్కువని నలుగుట్ల ఎల్లగొడితె మీ నాయిన మొఖమెక్కడ పెట్టుకుంటడు? జర ఆయన గురించి సోంచాయించు," అన్నాను.

తండ్రి మాట ఎత్తగానే పిల్ల తల వంచేసింది. అది పని చేస్తుందని నాకు తెలుసు, అందుకే ఎత్తాను. ఏడవలేదు. కూజాలో నీళ్లు వంచుకుని తాగింది, జడ అల్లుకుంది, "సరే పెద్దమ్మా," అని మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది. గ్రౌండుకు పోలేదు. రెండు నెలల్లో కోదాడ సంబంధం ఖాయమైంది. పెళ్లి జాకెట్లు పదకొండూ నేనే కుట్టాను. మా చెల్లెలు, మా అక్క వల్లనే పిల్ల ఒక ఇంటిదైందని అందరికీ చెప్పుకుంది. నేను వద్దనలేదు.

ఇది జరిగి ఎనిమిదేళ్లయింది. పోయిన ఏడాది మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు వాళ్లు కొత్త ఇల్లు కట్టి, కర్టెన్లు కుట్టమని నన్ను పిలిచారు. జాకెట్ల దాన్ని కర్టెన్లకు పిలవడం పెద్ద గౌరవమే. వాళ్ల ఇంజినీరు కొలతలన్నీ సెంటీమీటర్లలో రాసిచ్చాడు. హాలులో కడ్డీ నుంచి గచ్చు దాకా మూడు వందలు. నేను రెండున్నరతో భాగించాను, నూట ఇరవై అంగుళాలు. పద్నాలుగు కర్టెన్లు కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేసి ఆటోలో వేసుకుని వెళ్లాను.

కడ్డీకి తగిలిస్తే ఒక్కోటి రెండు అంగుళాలు గచ్చు మీద పడి ఊడుస్తోంది. ఇంటి పెద్దకోడలు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "ఇదేందమ్మా, ఇల్లు ఊడ్వనీకి కుట్టినవా?" అంది.

నేనూరుకుంటానా. "నా కొలత తప్పదు. మీ కడ్డీనే కిందికి దింపి కొట్టిన్రు," అన్నాను. కడ్డీ కొట్టినవాణ్ని పిలిపించారు. వాడు ఇంజినీరు చీటీ పెట్టుకుని కొలిచాడు, సరిగ్గా మూడు వందలు. "అయితె మీ గచ్చు మీదికొచ్చింది," అన్నాను. గచ్చు వేసినవాణ్ని కూడా పిలిపించమనేదాన్నే. ఇంతలో ఆ కోడలు ఫోన్ తీసి నా ముందు పెట్టింది. మూడు వందల సెంటీమీటర్లంటే నూట పద్దెనిమిది అంగుళాలు చిల్లర అని ఉంది అందులో. "అంగుళానికి రెండున్నర కాదమ్మా, రెండు పాయింటు అయిదు నాలుగు. జర్రంత ఎక్కువ. చిన్న కొలతల్ల తెల్వది గని పెద్ద కొలతల్ల తేలుతది," అని మెల్లగానే చెప్పింది.

మెడలోంచి టేపు తీశాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తిప్పి చూశాను. నూట యాభై అంకె ఇత్తడి కొస దగ్గర లేదు. దానికి ఇంచుమించు అంగుళం ముందే ఆగిపోయింది. నూట యాభైకీ కొసకూ మధ్య ఏ గీతా లేని ఖాళీ పట్టీ ఉంది. అంటే అరవై అంగుళాలు నూట యాభై కాదు, ఇంకా రెండు సెంటీమీటర్లు దాటి. ఆ ఖాళీ పట్టీ రోజూ నా రొమ్ము మీదే వేలాడుతూ ఉంది. కోడలు ఇంకా ఏదో చెబుతోంది, నాకు వినపడటం లేదు. ఎనిమిదేళ్ల కిందటి సుద్దగీత ఒక్కటే కళ్ల ముందుంది.

కర్టెన్లు మడిచి అక్కడే కింద కూర్చుని పద్నాలుగింటికీ అంచులు విప్పి మళ్లీ కుట్టి ఇచ్చాను. తలెత్తి ఎవరినీ చూడలేదు. వాళ్లు నేను అలిగాననుకున్నారు. బస్సు ఎక్కాక ఫోన్‌లో లెక్క వేశాను. అరవైన్నరను రెండు పాయింటు అయిదు నాలుగుతో హెచ్చవేశాను. నూట యాభై మూడు దాటింది. ఇంకోసారి వేశాను. నూట యాభై మూడున్నర కంటే కాస్త ఎక్కువే. వాళ్లు అడిగింది నూట యాభై రెండున్నర. పిల్ల అర అంగుళం తక్కువ లేదు. దగ్గర దగ్గర అర అంగుళం ఎక్కువే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. పక్క సీటులోని ముసలమ్మ ఒంట్లో బాగలేదా బిడ్డా అని అడిగితే కండ్లు తిరుగుతున్నయన్నాను. అక్కడా అబద్ధమే.

నా నోటి సంగతి నాకు తెలుసు. మొదట అందరినీ తిట్టాను. స్కేలు ఇచ్చిన బడిని తిట్టాను. అంగుళాన్ని తెచ్చిన తెల్లవాళ్లను తిట్టాను, దాన్ని పోనివ్వకుండా పట్టుకున్న మనవాళ్లను తిట్టాను. టేపు చేసినవాణ్ని తిట్టాను, ఆ ఖాళీలో రెండు గీతలు గీస్తే వాడి సొమ్మేం పోయిందని. ఎవరిని ఎంత తిట్టినా చివరికి తిప్పి కొలవమన్న పిల్ల మాట దగ్గరికే వచ్చి ఆగిపోయేది. పీఈటీ సారు దగ్గర బద్ద ఉందని కూడా చెప్పింది పిల్ల. తిప్పడానికి నిమిషం పట్టదు. తప్పు లెక్క ఎవరైనా వేస్తారు. నాకు కావలసిన జవాబు వచ్చింది కాబట్టే నేను అక్కడితో ఆగాను. అదే అర అంగుళం ఎవరి పెళ్లి జాకెట్‌లోనో తక్కువ పడి ఉంటే పది సార్లు కొలిచి ఉండేదాన్ని.

మా చెల్లెలికి ముందు చెప్పాను. అది గొంతు తగ్గించి, "పోనీ తియ్యక్కా. గిప్పుడేమైంది, ఇద్దరు పిల్లలతోని మంచిగనే ఉన్నది కద. వయసు కూడ దాటిపాయె. కడుపు సించుకుంటె కాళ్ల మీదనే పడ్తది, దానికి మాత్రం జెప్పకు," అంది. ఆ మాట నాకు ఎంత కమ్మగా వినిపించిందో చెప్పలేను. అయిదు నెలలు ఆ మాట పట్టుకునే బతికాను. ఆ అయిదు నెలల్లో పిల్ల రెండుసార్లు ఫోన్ చేస్తే మిషన్ మీద ఉన్నానని చెప్పి పెట్టేశాను.

పోయిన నెలలో ఒకరోజు దుకాణం మూసి కోదాడ బస్సెక్కాను. ఎందుకు ఆ రోజే అంటే చెప్పలేను. ఇంక మోయలేకపోయాను, అంతే.

పిల్ల భర్తది పైపులు, నల్లాలు అమ్మే దుకాణం. అతను సరుకుకు పోతే కౌంటరులో తనే కూర్చుంటుంది. నేను వెళ్లేసరికి ఒక మేస్త్రీకి పైపులు ఇస్తోంది. "ముప్పావు ఇంచా, ఇరవై అయిదు ఎంఎమ్మా, సరిగ్గా చెప్పండి. తర్వాత మార్చమంటే మార్చను," అంటోంది. కోదాడకొచ్చి మాటలో అండీలు, గిండీలు చేరాయి. ఒళ్లు కొంచెం చేసింది. నన్ను చూసి స్టూలు లాగి వేసి, "రా పెద్దమ్మా, ఫోన్ కూడా చేయకుండా వచ్చావు," అంది.

మేస్త్రీ వెళ్లేదాకా ఆగాను. నీళ్లు ఇచ్చింది, తాగాను. ఇంక దాటవేస్తే మళ్లీ ధైర్యం రాదని తెలిసి ఒక్కసారే అనేశాను. "బిడ్డా, నీ ఎత్తు నేను తప్పు లెక్కవెట్టిన. నీకు ఎత్తు సాలుతుండె. నీ నౌకరి నేనే పోగొట్టిన."

పిల్ల బిల్లు పుస్తకంలో ఏదో రాస్తోంది. రాయడం ఆపలేదు. "తెలుసు పెద్దమ్మా," అంది.

నాకు అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"పెద్దది కడుపులో ఉన్నప్పుడు దవాఖానాలో గోడకు నిలబెట్టి కొలిచారు. నూట యాభై మూడున్నర అని కార్డు మీద రాశారు. ఇంకోసారి కొలవమని అడిగా. మళ్లీ అదే వచ్చింది."

పెద్దదానికి ఇప్పుడు ఆరేళ్లు. ఆరేళ్లుగా ఈ పిల్ల పండుగలకు మా ఇంటికి వచ్చింది, నా కాళ్లకు మొక్కింది, నేను పెట్టిన చీరలు కట్టుకుంది. "మరి నన్నొక్క మాట ఎందుకడగలే?" అన్నాను.

పిల్ల అప్పుడు పెన్ను పక్కన పెట్టింది. కోదాడ మాటలన్నీ పోయి, మా పల్లె మాట వచ్చింది నోట్లోంచి. "ఏమడగాలె పెద్దమ్మా? అమ్మ నీకు ఫోన్ జేసిన్నాడు నేను పక్క అర్రలనే ఉన్న. ఎత్తు సాలదని జెప్పుమన్నది, నేను ఇన్న. ఇనే నీ కాడికొచ్చిన. అమ్మ ఎన్ని జెప్పినా, టేపు పట్టినంక పెద్దమ్మ నిజమే జెప్తదనుకున్న."

దుకాణం ముందు నుంచి ఒక బస్సు పోయింది. పిల్ల రోడ్డు వైపు చూస్తూ, "నాతోని కాలువ కట్ట మీద ఉరికిన పిల్లొకామె గీ చౌరస్తలనే డ్యూటీ జేస్తది. నాకంటె జర్రంత పొట్టి. వారానికోసారి గీడికొచ్చి కూసుంటది," అంది. తిట్టినట్టు అనలేదు. ఊరికే చెప్పింది.

అప్పుడు చేతులు పట్టుకున్నాను. "బిడ్డా, నీ పిల్లల మీదొట్టు, నేను అబద్ధం జెప్పలే. నాకు నిజంగనే తెల్వదు. అంగుళానికి రెండున్నర అనుకున్న. టేపు తిప్పి సూడలే, గంతే," అన్నాను. చెబుతూ ఉండగానే, ఆ మాట ఎంత చిన్నగా ఉందో నాకే తెలిసింది. కావాలని చెడగొట్టలేదు, తెలుసుకునే కష్టం పడలేదు. దానికి క్షమాపణ ఏ మాటతో అడుగుతారో నాకు తెలియదు.

పిల్ల చేతులు విడిపించుకోలేదు. నా ముఖంలోకి చూసి మెల్లగా తల ఊపింది. ఆ తల ఊపడం నాకు బాగా తెలుసు. జాకెట్టు ఇంకా కత్తెర కూడా తగలకుండా మూటలోనే ఉంటుంది. రేపు పొద్దున్నకల్లా తప్పకుండా ఇస్తానమ్మా అంటాను. ఎదురుగా ఉన్న గిరాకీ ఒక్క మాట కూడా నమ్మదు. గొడవ ఎందుకులే అని సరిగ్గా అలాగే తల ఊపి వెళ్లిపోతుంది.

"సరే పెద్దమ్మా. పొద్దు పోయింది, అన్నం తిందువు రా," అంది పిల్ల.